గువ్వ చెప్పిన ప్రార్థన మనవి

ఆరాధన ముగిసి అందరూ బయటికి వస్తుంటే, ముగ్గురు ఆంటీలు మిరియాన్ని చర్చి మెట్ల మీదే చుట్టుముట్టారు.

"అయ్యో తల్లీ, ఈ వయసులో షుగరా?" అంది ఒకామె.

"స్వీట్లు తెగ తిని ఉంటుంది" అంది రెండో ఆమె.

మూడో ఆమె ఏ ఆకు పసరు పరగడుపున తాగాలో చెప్పడం మొదలుపెట్టింది. మిరియం పళ్ళు నూరుకుంటూ నిలబడింది.

మిరియం అన్నది ముద్దుపేరు. మనిషి చిన్నది, ఘాటు ఎక్కువ అని తాతయ్య పెట్టాడు. నాలుగో తరగతిలో ఉండగా దానికి షుగర్ జబ్బు వచ్చింది. స్వీట్లు తిన్నందుకు కాదు, ఒంట్లో తయారవ్వాల్సిన ఇన్సులిన్ తయారవక. అప్పటినుంచి తినే ముందు వేలికో పోటు, పొట్టకో సూది. "స్తోత్రం చెప్పి తినవే" అంటుంది అమ్మ. "దేనికమ్మా, పోటుకా?" అంటుంది మిరియం.

సూదులకైనా అలవాటు పడింది గానీ, ఈ "అయ్యో తల్లీ"కి మాత్రం అలవాటు పడలేకపోయింది. అందుకే తన జబ్బు సంగతి ఒక్క గువ్వకే చెప్పింది. గువ్వ దాని ప్రాణ స్నేహితురాలు. నోట్లో నాలుక లేని పిల్ల.

పోయిన ఆదివారం మిరియం జ్వరంతో సండే స్కూల్‌కి రాలేదు. "ప్రార్థన మనవులు ఏమైనా ఉన్నాయా?" అని టీచర్ అడిగితే, ఆ నోట్లో నాలుక లేని పిల్లే లేచి నిలబడింది. షుగర్, సూదులు, స్కూల్లో మిరియం కళ్ళు తిరిగి పడిపోవడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేసింది. ఆ మాటలు ఇళ్ళకు చేరేసరికి వాటికి చిలవలు పలవలు వచ్చాయి.

మిరియం మెట్లు దిగి గువ్వని నిలదీసింది.

"ఎవరికీ చెప్పొద్దన్నానా లేదా?"

"నువ్వు పడిపోయినప్పుడు నాకు చాలా భయమేసింది. దేవుడికి చెబుదామనుకున్నాను" అంది గువ్వ. "పక్కన అందరూ ఉన్నారని గుర్తులేదు."

"మెల్లగా చెబితే దేవుడికి వినపడదా?"

గువ్వ తల దించుకుంది.

ఆ వారమంతా మిరియం ఇంట్లో చిటపటలాడుతూనే ఉంది.

"క్షమించెయ్యవే. యేసయ్య అందర్నీ క్షమించలేదా?" అంది అమ్మ.

"యేసయ్యకి ఆంటీలు ఆకు పసరు తాగమని చెప్పలేదు."

నవ్వాలో తిట్టాలో తెలియక అమ్మ గిన్నెలు తోముకుంది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. టీచర్ మనవులు అడగ్గానే మిరియం లేచి, బుద్ధిగా చేతులు జోడించింది.

"గువ్వ కోసం ప్రార్థన చేయాలి టీచర్. ఇంత పెద్దదైనా, రాత్రిళ్ళు దుప్పటి అంచు నోట్లో పెట్టుకుంటే గానీ నిద్రపోదు."

క్లాసంతా గొల్లుమంది. వెనక నుంచి ఎవరో చప్పరిస్తున్నట్టు చప్పుడు చేశారు. టీచర్ బల్ల మీద కొట్టి అందర్నీ ఊరుకోబెట్టింది. గువ్వ ముఖం కందిపోయింది.

దెబ్బకు దెబ్బ తీశాను అనుకుంటూ మిరియం కూర్చుంది. అయినా కోపం చల్లారలేదు.

క్లాసు మధ్యలో విరామం ఇచ్చారు. గువ్వ ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, తన సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి మిరియం ఒళ్ళో పెట్టింది. గిరుక్కున తిరిగి వెళ్ళి కిటికీ పక్క బెంచీలో కూర్చుంది.

ఎక్కువసేపు ఏమీ తినకుండా ఉంటే మిరియానికి కళ్ళు తిరుగుతాయి. అందుకని ప్రతి ఆదివారం గువ్వ బిస్కెట్లు తెస్తుంది. తెమ్మని దానికి ఎవరూ చెప్పలేదు. మిరియం కూడా అవి తనకు రావాల్సినవే అన్నట్టు తినేసేది తప్ప, ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు ఆ పిల్ల ఏడుస్తూ కూడా ఇచ్చి వెళ్ళింది. మిరియానికి సిగ్గేసింది.

"ప్రభువా, నేను చేసింది ప్రార్థన కాదని నీకు తెలుసు" అనుకుంది మనసులో. "లేచినప్పుడే నా నోరు నొక్కొచ్చుగా."

విరామం అయిపోగానే మిరియం మళ్ళీ లేచింది.

"ఇంకో మనవా?" అంది టీచర్, కాస్త భయంగానే.

"కాదు టీచర్. ఇందాక గువ్వ గురించి చెప్పింది ప్రార్థన కోసం కాదు. అందరూ నవ్వాలని చెప్పాను. తప్పు నాదే." మిరియం ఊపిరి తీసుకుంది. "నాకు షుగర్ ఉంది. నేను పడిపోకుండా బిస్కెట్లు మోసుకొచ్చేది గువ్వే. అలాంటి ఫ్రెండ్‌ని ఇచ్చినందుకు దేవుడికి స్తోత్రం."

కూర్చోబోతూ వెనక్కి తిరిగింది. "దుప్పటి సంగతి ఎవరైనా మళ్ళీ ఎత్తారో, నా సంగతి తెలుసుగా."

తర్వాత సంచీ తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి గువ్వ పక్కన కూర్చుంది.

"నువ్వు నా సంగతి చెప్పావే, దానికి నిన్ను క్షమించేశాను" అంది గొంతు తగ్గించి. "మరి నువ్వు?"

గువ్వ ముక్కు ఎగబీల్చింది. "నాకింకా కోపంగానే ఉంది."

"ఉండు. నేను ఇక్కడే కూర్చుంటాను."

గువ్వ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "కోపం పోవాలని ప్రార్థన చేద్దామా?"

"చేద్దాం" అంది మిరియం. "మనసులోనే."

నవ్వు ఆపుకుంటూ గువ్వ కళ్ళు మూసుకుంది.