ఆ ఫోటో ఏ రోజుది?

మంగళవారం ఉదయం 11.40. ఆసుపత్రి మందుల స్టోర్‌లోని ఫ్రిజ్‌లోంచి ఆరు మత్తు ఇంజెక్షన్లు మాయమయ్యాయి. సంగతి ఫార్మసిస్ట్‌కీ, సూపరింటెండెంట్‌కీ తప్ప ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం 2.15. తెలియని నంబర్ నుంచి స్టాఫ్ అందరికీ ఒక ఫోటో వచ్చింది. తెరిచిన ఫ్రిజ్ ముందు సీనియర్ నర్సు. సీసాలు జేబులో వేసుకుంటోంది. కింద రెండు ముక్కలు: 'మన స్టోర్ దొంగ. ఈరోజు పొద్దున తీసిన ఫోటో.'

నాలుగింటికల్లా ఆమెను సస్పెండ్ చేశారు.

గురువారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నర్సు కుర్చీ అంచున కూర్చుంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"ఫోటోలో ఉన్నది మీరేనా?"

"నేనే."

"ఇంజెక్షన్లు తీశారా?"

"లేదండీ."

ఇన్‌స్పెక్టర్ ఫార్మసిస్ట్‌ని పిలిపించాడు.

మంగళవారం బయటివాళ్లెవరూ రాలేదన్నాడు ఫార్మసిస్ట్. అంతలోనే నాలిక కరుచుకుని, పాత స్టోర్‌కీపర్ సర్టిఫికెట్ కోసం వచ్చి వెళ్లిందన్నాడు. రోగి మీద చెయ్యి చేసుకున్నందుకు ఆరు నెలల కిందట ఆమె ఉద్యోగం పోయింది. ఫిర్యాదు చేసింది ఈ నర్సే.

ఇన్‌స్పెక్టర్ స్టోర్‌లోకి వెళ్లి, ఫోటో చూసుకుంటూ, అందులో ఉన్నట్టే ఫ్రిజ్ తెరవబోయాడు. తలుపు రాలేదు. ఫోటోలో హ్యాండిల్ కుడివైపుంది. ఇక్కడ ఎడమవైపు.

పాతది పాడైతే ఈ ఫ్రిజ్ తెచ్చి నెలయిందని ఫార్మసిస్ట్ చెప్పాడు.

సాయంత్రం 5.00. సూపరింటెండెంట్ గది. పాత స్టోర్‌కీపర్‌నీ పిలిపించారు.

ఫోటోలో ఉన్నది పాత ఫ్రిజ్ అనీ, అది మంగళవారం తీసింది కాదనీ ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. చోరీ సంగతి బయటికి పొక్కకముందే ఫోటో పంపారంటే, పంపిన మనిషే దొంగ. అతను నర్సు వైపు తిరిగాడు.

"ఇది ఎవరు తీశారు?"

"ఆవిడే," నర్సు పాత స్టోర్‌కీపర్‌ని చూపించింది. "కొత్త ఫోన్ కొన్నప్పుడు అందరివీ తీసింది. ఆ పూట ట్రే లేక, సీసాలు జేబులో వేసుకుని వార్డుకి తీసుకెళ్తున్నా."

"ముందే చెప్పొచ్చుగా?"

"మొదటిరోజే సూపరింటెండెంట్ గారికి చెప్పానండీ. కథలల్లుతున్నావన్నారు. ఇక ఊరుకున్నా."

పాత స్టోర్‌కీపర్ తల దించుకుంది. తన దగ్గర స్టోర్ మారుతాళం ఉండిపోయిందని ఒప్పుకుంది. 6.20కి ఆమె ఇంట్లో, బీరువా అడుగు అరలో, ఆరు సీసాలూ దొరికాయి.

సూపరింటెండెంట్ క్షమాపణ చెప్పి, రేపు డ్యూటీకి రమ్మన్నాడు. నర్సు సరేనంది. మొహంలో ఏ మార్పూ లేదు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"మా అక్కకి మీరొకసారి ఫోన్ చేసి చెప్తారా సార్? నేను చెప్తే నమ్మలేదు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి నంబర్ అడిగాడు. ఆమె ఒక్కో అంకే చెప్పింది.