బహిష్కృతుడికి రిటర్న్ టికెట్

దేశం నుంచి గెంటేసిన మనిషికి ఆ దేశమే టికెట్ కొని పంపింది. ప్రభుత్వం కొన్నది కాబట్టి, మధ్యలో రెండు విమానాలు మారాల్సిన చవక టికెట్.

పటాన్‌చెరులో ఓ పాత గోదాము గదిలో బాలరాజ్ కూర్చున్నాడు. ఎదురుగా గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్ చంద్రకాంత్. ఏడేళ్ల క్రితం ఈ చంద్రకాంతే అతని చేతిలో ఏదో ద్వీపదేశపు పాస్‌పోర్టు, ఓ మారుపేరు పెట్టి, "ఇక ఈ నేల మీద కాలు పెట్టకు" అని విమానం ఎక్కించాడు. కోర్టు లేదు, కేసు లేదు. మన ఇన్‌ఫార్మర్‌గా నటిస్తూ విదేశీ ముఠాకు పనిచేసిన స్నిగ్ధ అనే అందగత్తెను ప్రేమించి, డిపార్ట్‌మెంట్ సొత్తు ఆమెకు అప్పజెప్పినందుకు పడిన శిక్ష అది. దానివల్ల ఇద్దరు ఏజెంట్లు చచ్చిపోయారు. శిక్ష న్యాయమేనని బాలరాజ్ కూడా ఒప్పుకున్నాడు. మొదటి ఏడాది ఏడ్చాడు. తర్వాత ఏడుపు రావడం మానేసింది, దాంతోపాటు మిగతావన్నీ మానేశాయి.

"బొల్లారంలో ఒక యూనిట్ మిసైల్ ఇంధనంలో కలిపే కెమికల్ తయారు చేస్తుంది," అన్నాడు చంద్రకాంత్. "దాని శాంపిల్ ఈ మధ్యాహ్నం షిఫ్టు బస్సులో బయటికి పోతోంది. తీసుకెళ్లేది స్నిగ్ధ. లేబర్ వేషంలో ఉంటుంది. ఆమెను దగ్గర్నుంచి చూసినవాళ్లలో బతికున్నది నువ్వొక్కడివే."

"పట్టిస్తే?"

"శిక్ష రద్దు. కర్దనూర్‌లో మీ ఇంట్లో నువ్వుండొచ్చు."

సంతోషం కలగాల్సిన చోట బాలరాజ్ కాసేపు వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు.

"సరే సార్."

"చొక్కా గుండీలో మైక్ ఉంది. కోడ్ వర్డ్ ‘తాటిముంజలు’. వినపడగానే మావాళ్లు బస్సును చుట్టుముడతారు."

షిఫ్టు వదిలారు. నీలం యూనిఫాం, పెట్టుడు గడ్డం, మెడలో తువ్వాలతో బాలరాజ్ కంపెనీ బస్సెక్కాడు. ఆడవాళ్లంతా ముఖాలకు స్కార్ఫులు చుట్టుకున్నారు. కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఏడేళ్లు ఒకే ముఖాన్ని తలుచుకున్నవాడికి తీరా ఇప్పుడు ఆ కళ్లేవో పోల్చుకోవడం చేతకాలేదు.

బస్సు కాలవ పక్క మలుపు తిరిగింది. ఘాటైన కెమికల్ వాసన కిటికీల్లోంచి గుప్పున కొట్టింది. పక్క సీట్లో పెద్దరాములు అనే ఆపరేటర్ జామకాయ కొరుకుతూనే ఉన్నాడు. ఎవరి మొహంలోనూ మార్పు లేదు. బాలరాజ్ చెయ్యి మాత్రం దానంతటదే తువ్వాలను ముక్కుకు నొక్కింది.

"ఏందన్నా, కొత్తనా?" పెద్దరాములు నవ్వాడు. "ఏ ఊరు మీది?"

"కర్దనూర్."

"కర్దనూరోళ్లు ఈ వాసనకు ముక్కు మూస్తరా? మాకైతే గిది తెల్వకుండ ఎన్నడో పోయింది. నువ్వు ఈడోనివి కాదు తియ్యి."

ఆ మాట చురుక్కుమంది. ఏడేళ్లలో అతనికి నొప్పి పుట్టించిన మొదటి మాట అదే. తలదించుకున్నాడు. మళ్లీ ఎత్తేసరికి ముందు వరుసలో ఇంకో చెయ్యి కనిపించింది. స్కార్ఫ్ మీంచి ముక్కును గట్టిగా మూసుకున్న ఆడచెయ్యి. బస్సు మొత్తంలో ఈ ప్రాంతపు మనుషులు కానివాళ్లు ఇద్దరే.

ఇస్నాపూర్‌లో ఆమె పక్క సీటు ఖాళీ అయింది. బాలరాజ్ వెళ్లి కూర్చున్నాడు.

"ముక్కుకు తువ్వాల నొక్కడం చూసి నేనూ నిన్ను పోల్చుకున్నాను బాలూ," అంది స్నిగ్ధ ముందుకే చూస్తూ.

"శాంపిల్ యాడున్నది?"

"లిప్‌స్టిక్ గొట్టంలో. వెనక సీటు కింద ఒక టిఫిన్ బాక్స్ ఉంది, అందులో ఉన్నది అన్నం కాదు. బస్సు తగలబడితే, ఫ్యాక్టరీలో ఏం పోయిందో ఎవరూ వెతకరు."

కంది దగ్గరపడింది. బస్సు వేగం తగ్గింది. స్నిగ్ధ చేతి గడియారం మీద బొత్తాం నొక్కింది.

"నిమిషం ఉంది. నాతో దిగు. మా దేశం నిన్ను ఉండనిస్తుంది. నీ దేశం వెళ్లగొట్టింది కదా?"

"ఎల్లగొట్టింది. నిజమే."

అతనిలో దేశభక్తి ఏమీ పొంగుకురాలేదు. వెనక పెద్దరాములు ఇంకో జామకాయ తీసి పక్కవాడికి ఇస్తున్నాడు. ఆ మనిషి ఇంటికి చేరాలి. బాలరాజ్‌కు తోచింది అంతే. స్నిగ్ధ మణికట్టు ఒడిసిపట్టుకున్నాడు.

దూరం నుంచే బాంబు పేల్చే ఆ గడియారం డిపార్ట్‌మెంటుది. ఒకప్పుడు ముచ్చటపడి ఆ చేతికి తొడిగింది తనే. తను చేసిన దేశద్రోహం ఆ గడియారమే. పేల్చడం ఆమెకు నేర్పాడు కానీ ఆపడం నేర్పలేదు. కీ పైకి లాగి వెనక్కి తిప్పాలి. ఆమె అతని చేతిని రక్తం వచ్చేలా కొరికింది. ముల్లు చివరి గీత మీదికి వస్తుండగా కీ తిరిగింది. ముల్లు ఆగింది.

"తాటిముంజలు," అన్నాడు బాలరాజ్ గుండీతో.

స్నిగ్ధను జీపెక్కించాక చంద్రకాంత్ వచ్చి భుజం తట్టాడు.

"ఇగ ఇంటికి పోవచ్చా సార్?"

చంద్రకాంత్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పైవాళ్లను అడిగాను. నీకు శిక్ష వేసినట్టు ఎక్కడా రికార్డు లేదట. వెయ్యని శిక్షను రద్దు చేయడం కుదరదన్నారు."

"ఏసింది మీరే గద సార్?"

"నేనే." అతనికి నిజంగానే సిగ్గేసింది. "సాయంత్రం ఫ్లైట్ ఉంది."

బాలరాజ్‌కు ఏడవాలనిపించింది. ఏడుపు రాలేదు.

ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో కుర్ర ఆఫీసర్ ద్వీపదేశపు పాస్‌పోర్టు తిరగేశాడు. "ఫస్ట్ విజిట్ టు ఇండియా, సర్?"

బాలరాజ్ తలూపాడు.

ఆఫీసర్ ముద్ర కొట్టి, విదేశీ అతిథి ముచ్చట తీర్చాలని ఒక్కో మాటా విడదీసి తెలుగు నేర్పాడు. "మళ్లీ... రండి. మీన్స్, కమ్ అగైన్."

బాలరాజ్ ఆ రెండు మాటలూ బుద్ధిగా పలికి, నేర్చుకున్నాడు.