ఉప్పు కాఫీ, నారింజ కోటు

సెజీన్ కాఫీలో మూడో చెంచా ఉప్పు కూడా వేసింది.

"ఒక చెంచా చాలే! పిల్లాడు చచ్చిపోతాడు," అంది తల్లి నవ్వాపుకుంటూ.

పెళ్లి మాట అడగడానికి వచ్చిన అబ్బాయి కప్పులో అమ్మాయి ఉప్పు వేస్తుంది. ముఖం చిట్లించకుండా తాగితే ఓర్పున్నవాడని లెక్క. టర్కీలో, ఈ బుర్సా ఊళ్లో ఏ ఇంట్లోనైనా ఇది సరదాకే. ఈరోజు సెజీన్‌కి మాత్రం కడుపు మండిపోతోంది.

మొన్న ఆసుపత్రి తోటలో కళ్లారా చూసింది. ఇప్పుడు హాల్లో పెళ్లి మాటకని కూర్చున్న ఈ ఒక్తాయే, అక్కడ చొక్కా చెయ్యి మడిచి నిలబడ్డాడు. నారింజ రంగు కోటు వేసుకున్న ఒకావిడ అతని ముంజేతిని రెండు చేతులా పట్టుకుని వెలుతురుకి తిప్పి చూస్తోంది. పైగా నవ్వుతోంది! వాడూ నవ్వాడు. ఆ నవ్వు తన సొంతమని సెజీన్ ఇన్నాళ్లూ అనుకుంది.

పోనీ, అడిగితే చెప్పాడా? "ఏదో పని మీద వెళ్లా," అన్నాడు. కొన్నాళ్లుగా ముద్దు పెట్టబోతే తప్పుకుంటున్నాడు. కబాబ్ కారమంటాడు. ఇంట్లో కూడా నల్ల కళ్లద్దాలు తీయడు. ఇంకేం కావాలి?

తల్లి అటు తిరగగానే ఎండుమిరప పొడి కూడా కలిపేసింది.

హాల్లో పెద్దవాళ్లంతా చూస్తుండగా ఒక్తాయ్ మొదటి గుక్క మింగాడు. అద్దాల కింద నుంచి కన్నీళ్లు కారాయి. ముఖం మాత్రం చిట్లించలేదు. అడుగు దాకా తాగి, పెదాలకు రుమాలు అద్దుకున్నాడు. రుమాలు మీద రక్తపు చుక్క!

సెజీన్ చప్పున దగ్గరికెళ్లింది. "ఒక్కసారి వంటింట్లోకి రా, నీళ్లిస్తాను," అంది.

లోపలికి రాగానే నిలదీసింది. "నోరు చూపించు."

"అక్కర్లేదు."

"నారింజ కోటుకైతే చెయ్యి చూపిస్తావు, నాకు నోరు చూపించవా?"

ఒక్తాయ్ తెల్లబోయాడు. "బెల్గిన్ గారా? ఆవిడ నా డాక్టరు!"

"డాక్టరైతే తోటలో చెయ్యి పట్టుకుంటుందా?"

"ఇంటికి వెళ్తూ ఎదురుపడింది. అంతకు ముందురోజు పరీక్షకని సూది గుచ్చిన చోట పొక్కు లేచిందేమోనని చూసింది." అతను చొక్కా చెయ్యి మడిచాడు. ముంజేతి మీద ఎర్రగా చిన్న పొక్కు. "అందరికీ ఇలా అవదట. నోట్లో పుళ్లు, కంటి ఎరుపు, ఈ పొక్కు అన్నీ కలిపి చూసి, బెహ్చెట్ జబ్బని తేల్చింది. నా ఒళ్లే నా మీద తిరగబడి రక్తనాళాల్ని వాచేలా చేస్తోందట."

"మరి ఆ నవ్వులెందుకు?"

"ఏడాదిగా ఎవరికీ అంతుపట్టలేదు కదా. జబ్బేంటో తెలిసిందన్న సంతోషం." అద్దాలు తీశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మాత్రలు, చుక్కలు మొదలుపెట్టారు. అదుపులో ఉంటుందన్నారు, కానీ పూర్తిగా పోదు. అశ్రద్ధ చేస్తే చూపుకే ముప్పు. ఇదంతా తెలిస్తే మీ నాన్నగారు నిన్నిస్తారా?"

"అందుకని పుళ్ల మీద ఉప్పూ కారమూ తాగేశావా, మొద్దూ?"

"నువ్విచ్చావు కదా."

సెజీన్‌కి ఏడుపు ఆగలేదు. సిగ్గేసింది, భయమేసింది. చల్లటి పాలు తాగించి, చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చి, "చెప్పు," అంది.

ఒక్తాయ్ తలవంచుకుని అంతా చెప్పాడు.  సెజీన్ తండ్రి ఖాళీ కప్పు అందుకుని అడుగు చూశాడు.

"ఆ నోటితో ఇదంతా తాగావా, బాబూ? ఓర్పుంది, ఒప్పుకున్నాను. దాచడమే నచ్చలేదు. ఇక ఏదీ దాచకు." కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమంటావమ్మా?"

"చేసుకుంటాను నాన్నా. కానీ ఒక షరతు."

అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఇకనుంచి ఆసుపత్రికి నేనూ వెళ్తాను. ఈ చెయ్యి నేనే పట్టుకుంటాను. ఆవిడ దూరం నుంచి చూస్తే చాలు."

తండ్రి పకపకా నవ్వి, "ఇంకో కాఫీ పట్రా. ఈసారి చక్కెరతో," అన్నాడు.

"సెజీన్, బెల్గిన్ గారికి మనవలున్నారు," గొణిగాడు ఒక్తాయ్.

"ఉండనీ," అంది సెజీన్, పట్టుకున్న చెయ్యి వదలకుండా.