జమ్ములో కత్తిరించిన దారి

అత్తగారితో సరదాగా ఎక్కడికైనా వెళ్ళాలంటే కోడలికి ఒళ్ళు మండేది. పెళ్ళికి వెళ్తే ఎవరిదో పోయిన ఉంగరం దొరికేది. సినిమాకి వెళ్తే విశ్రాంతికి ముందే హంతకుడు దొరికేవాడు. వీధి తలుపుకి ‘ప్రైవేటు డిటెక్టివ్’ అని ఇత్తడి పలక తగిలించుకున్న మనిషికి సెలవన్నది ఉండదని పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పి చావలేదు. అయినా నోటు పుస్తకం పట్టుకుని ఆవిడ వెనకాలే పరుగులు తీసేది.

ఆ ఆదివారం చెరువు పార్కు కాపలాదారు వచ్చి గుమ్మంలోనే ఏడ్చేశాడు.

“పొద్దున్నే ఉద్యోగం పీకేశారమ్మా. సాయంత్రంలోగా క్వార్టరు ఖాళీ చెయ్యాలట. కొంగ గుడ్లు నేనే ఎత్తుకుపోయానట! పంతొమ్మిదేళ్ళుగా ఆ పక్షులకి కాపలా కాస్తున్నాను.”

“ఎవరన్నారు?”

“పార్కు అధికారిగారి బావమరిది. గూటి దగ్గర కొడవలితో నన్ను చూశాడట.”

“అధికారి నిన్నేమడిగాడు?”

“ఏమీ అడగలేదమ్మా. కాగితం చేతిలో పెట్టాడు.”

అత్తగారు తాగుతున్న కాఫీ అక్కడే పెట్టేశారు. ఆవిడ కాఫీ వదిలేశారంటే కోపం నషాళానికి అంటినట్టేనని కోడలికి తెలుసు.

చెట్ల కింద కాలిబాట చెరువు దాకా చల్లగా సాగింది. గట్టు మీద, పక్షుల్ని చూడటానికి కట్టిన చెక్క గది. దాని గోడకి మూడు సన్నటి కిటికీలు. మూడో కిటికీలోంచి చూస్తే నీళ్ళలో ఒత్తుగా పెరిగిన జమ్ము మధ్య జానెడు వెడల్పు సందు, గీత గీసినట్టు గూటి దాకా పోయింది.

“ఈ సందు ముందునుంచీ ఉందా?” అని అత్తగారు కాపలాదారుని అడిగారు.

“లేదమ్మా. ఆ కొంగ జమ్ము రంగులోనే ఉంటుంది. ఇన్నాళ్ళూ ముక్కు తప్ప నాకేమీ కనిపించేది కాదు. గూడు కట్టాక నేను కొడవలి ఈ వైపే తీసుకురాను.”

అత్తగారు మోకాలి లోతు నీళ్ళలో దిగి గూటి దగ్గరికి వెళ్ళి, ఒక జమ్ము మోడుతో తిరిగొచ్చారు. “గూట్లో పెంకులున్నాయి. వాటికి ముక్కుతో పొడిచిన చిల్లులు, ఎండిన పచ్చసొన. ఈ మోడు చూసి చెప్పవే.”

“రెండు పక్కలా నలిగింది అత్తయ్యా. పూలకాడల్ని కత్తెరతో కత్తిరిస్తే ఇలాగే చితుకుతాయి. కొడవలి దెబ్బయితే ఒక్క పక్కనుంచే ఏటవాలుగా తెగుతుంది.”

“అమ్మయ్య, నా దగ్గర చేరి బాగుపడ్డావు,” అన్నారు అత్తగారు. కోడలు పొంగిపోయింది గానీ పైకి మూతి విరిచింది.

ఆఫీసు గోడకి కొత్త ఫొటో వేలాడుతోంది. గూట్లో కూర్చున్న కొంగ. ఒక్కో ఈకా లెక్కపెట్టుకోవచ్చు.

“మా బావమరిది పోయిన వారం తీశాడు. పోటీకి పంపించాం,” అన్నాడు అధికారి, మీసం దువ్వుకుంటూ. బావమరిది పక్కనే నవ్వుతూ నిలబడ్డాడు.

“కూర్చోండి అందరూ,” అన్నారు అత్తగారు. “నువ్వు కూడా,” అని గుమ్మం దగ్గరే నిలబడిపోయిన కాపలాదారుకి కుర్చీ లాగారు.

“గుడ్లని ఎవరూ ఎత్తుకుపోలేదు. కాకులు గూట్లోనే పొడుచుకు తిన్నాయి. జమ్ము చాటు పోయింది కాబట్టే వాటికి గూడు కనిపించింది. ఆ చాటు తీసింది కొడవలి కాదు, కత్తెర. గుడ్ల దొంగకి సందుతో పనేముంది? చేత్తో జమ్ము తప్పించుకుని వెళ్తాడు. ఈ సందు మనిషి నడవడానికి చేసింది కాదు. కిటికీలోంచి కెమెరా చూడటానికి చేసింది.” ఆవిడ ఫొటో వైపు వేలు చూపారు. “కాపలాదారుకి ముక్కు తప్ప కనిపించని పక్షి ఇందులో గోళ్ళతో సహా కనిపిస్తోంది. ఒక్క ఆకైనా అడ్డం లేదేం బాబూ?”

“నాలుగు కాడలేగా!” బావమరిది గొంతు కీచుమంది. “గుడ్లని నేను ముట్టుకోలేదు!”

“తలుపు తీసిపెట్టి, దొంగతనం నేను చెయ్యలేదంటే సరిపోతుందా? పైగా నింద ఇతని మీద వేస్తావా? ఇతని పెళ్ళాం పొద్దున్నుంచీ సామాను మూటలు కడుతోంది. నీకేమో పోటీలో బహుమతి కావాలి!”

అధికారి ఇబ్బందిగా కదిలాడు. “సరేలెండి మేడమ్, ఉత్తర్వు రద్దు చేస్తాను. పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి కదా.”

అప్పటిదాకా రాసుకుంటున్న కోడలు పుస్తకం టపీమని మూసింది. “వాటంతటవే జరిగాయా? సంతకం ఎవరు పెట్టారండీ? బావమరిది మాట వినడానికి తీరిక దొరికింది, పంతొమ్మిదేళ్ళ మనిషిని ఒక్క మాట అడగడానికి దొరకలేదా?”

అత్తగారు కోడలిని వారించలేదు.

అధికారి బల్ల మీదున్న ఉత్తర్వు కాగితం అందుకుని నిలువునా చింపాడు. అత్తగారి వైపు తిరిగి, “నాదే...” అని మొదలుపెట్టాడు.

“నాకెందుకు చెప్తారు?” అన్నారు ఆవిడ.

అతను లేచి కాపలాదారు కుర్చీ ముందుకి వచ్చాడు. కాపలాదారు అలవాటుగా లేవబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

“తప్పు చేశానయ్యా,” అన్నాడు, అందరికీ వినపడేలా. “నిన్ను అడగాల్సింది. అడగలేదు.”