గొడ్డు పార మీద చుక్క

తీరానికి పదిహేను మైళ్ల అవతల, ఏ సెల్ టవరూ అందని నీళ్ల మీద, తాను తయారుచేసిన సబ్బుబిళ్లంత పెట్టె మీది బొత్తాం నొక్కింది శాస్త్రవేత్త డాక్టర్ హైమావతి. పడవ యజమాని వాసుపల్లి పోలయ్య నోట్లోంచి చుట్ట తీసి ఆ పెట్టెని ఎగాదిగా చూశాడు. అరవై ఎనిమిదేళ్లవాడు. సంతకానికి మించి అక్షరం రాదు. సముద్రం మాత్రం కంఠతా వచ్చు.

"అయిపోయింది పెద్దాయనా. మీరిక్కడున్నారని మీ ఊరు గుల్లలపేటలో అందరికీ తెలిసిపోయింది."

"నన్నడక్కండానే?"

ఆమె ఓపిగ్గా చెప్పింది. ఆకాశంలో తిరిగే నాలుగు శాటిలైట్ల మాట ఈ పెట్టె వింటుంది. ఏది ఎంత దూరమో లెక్కగట్టి తానెక్కడుందో తెలుసుకుంటుంది. ఆ సంగతి ఇంకో శాటిలైట్‌కి చేరవేస్తుంది. అది ఫోన్లలో ఎవరైనా చూడగలిగే ఊరి పేజీలో పోలయ్య పేరు మీద ఒక చుక్క పెడుతుంది. ఒడ్డునుంచి ఎవరైనా మెసేజ్ పెడితే, తుఫాను కబురు వస్తే, పెట్టె మీది చిన్న తెరలో పడుతుంది.

"అయితే ఈ సుక్క నానెక్కడున్నానో సెప్తాదా, ఈ పెట్టెక్కడుందో సెప్తాదా?"

"రెండూ ఒకటే కదండీ" అని నవ్వింది హైమావతి.

పోలయ్య నవ్వలేదు.

నెల తిరక్కుండా ఊరంతా చుక్కలే. ఆడవాళ్లు చేపలు ఎండబెడుతూ ఒక కన్ను ఫోన్‌లో పెట్టేవారు. మొగుడి చుక్క మీద ఒకామె గుండె బొమ్మ పెడితే పక్కింటామె రెండు పెట్టేది. పెట్టె లేని పడవ నీళ్లలో దిగకూడదని జాలర్ల సంఘం తీర్మానం చేసింది. పోలయ్యకి అది గొంతులో ముల్లయింది.

ఎందుకో చెప్పాలి. పార అంటే సముద్రం అడుగున ఉండే రాతిగుట్ట. చేపలు దాన్ని పట్టుకుని బతుకుతాయి. ఒడ్డున ఏ కొండకొమ్ము ఏ తాటితోపు మీదికి వచ్చి నిలిస్తే కింద పార ఉంటుందో, ఆ గుర్తు తండ్రి చెవిలో చెబితే కొడుకు కడుపులో దాచుకోవాలి. పోలయ్య తండ్రి తన పారని ఇద్దరు కొడుకులకీ చూపించి పోయాడు. చిన్నవాడు గురువులు పదకొండేళ్ల కిందట దాన్ని తన బావమరుదులకి చూపించాడు. వాళ్లు పెద్ద మరపడవలు తెచ్చి, గుడ్డూ పిల్లా మిగలకుండా ఏడాదిలో ఊడ్చేశారు. అప్పటినుంచి దానికి గొడ్డు పార అని పేరు.

"నానేటి సెయ్యనన్నా, అత్తోరు అడిగినారు" అని గురువులు మూడుసార్లు గుమ్మంలోకి వచ్చాడు. పోలయ్య మూడుసార్లూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత గురువులూ రావడం మానేశాడు. ఒకే చావింటికి వెళ్లినా అన్నదమ్ములు చెరో గుంజకి ఆనుకుని కూర్చునేవారు.

ఆ రోషంతోనే పోలయ్య గొడ్డు పారకి ఉత్తరాన ఎనిమిది మైళ్లు పోయి, ఆరేళ్లు వెతికి, ఇంకో పార పట్టాడు. అది ఎవరికీ తెలియదు. దాని మీద చుక్క పెట్టించుకోవడానికి అతనేమైనా వెర్రివాడా?

కాబట్టి ఇలా చేశాడు. పెట్టెని ఒక వల తేలుకి, అంటే వలని నీటిమీద నిలిపే బెండుకి కట్టి, రాయి లంగరు వేసి, గొడ్డు పార మీద వదిలేవాడు. ఎవరూ అడుగుపెట్టని నీళ్లు అవి. తాను ఉత్తరానికి పోయి పడవ నిండా చేపతో తిరిగొస్తూ పెట్టెని విప్పుకునేవాడు.

"ముసిలాయన మల్లా గొడ్డు పార మీదే కూసున్నాడ్రా" అని పేజీలో నవ్వేవారు.

"గొడ్డుబర్రి పాలిత్తందిరా, ఎల్లి సూడండి" అనేవాడు పోలయ్య రేవులో, బుట్టలు దింపుతూ. అతను ఆ మాత్రం సరదాగా మాట్లాడి చాలా ఏళ్లయింది.

కార్తీకంలో ఒక పొద్దున తూర్పున మబ్బు రంగు మారింది. తుఫాను కబురు అన్ని పెట్టెల్లోకీ వచ్చింది. చుక్కలన్నీ ఒడ్డుకి పరుగెత్తాయి, ఒక్కటి తప్ప. పోలయ్యకి కబురు అందలేదు గానీ, మబ్బు చూసి తెలుసుకున్నాడు. వెనక్కి రావడానికి గాలి ఎదురు. ఉత్తరాన ఇసకపాలెంలో మధ్యాహ్నానికి పడవ లాగేశాడు.

"ఇంటికి ఫోన్ కొడతావా తాతా?" అని టీ కొట్టువాడు ఫోన్ చాపాడు.

పోలయ్య చెయ్యి సగం దాకా వెళ్లి ఆగింది. ఇక్కడున్నానంటే, అక్కడున్న చుక్క ఎవరిదని అడుగుతారు. గుట్టు రట్టవుతుంది. "ఒద్దులే" అన్నాడు.

మర్నాడు బస్సు దిగి ఊళ్లోకి వస్తుంటే జనం దయ్యాన్ని చూసినట్టు చూశారు. రేవులో గురువులు పడవ లేదు. సంఘం మెట్ల మీద హైమావతి కూర్చుని ఉంది. రాత్రంతా ఏడ్చిన ముఖం.

"మీ చుక్క కదల్లేదు పెద్దాయనా. గాలి తగ్గాక వెళ్దామని అందరూ అన్నారు. మీ తమ్ముడు వినలేదు. 'మా అన్న సచ్చినా ఆ పార మీద ఊరికే కూసోడు, ఏదో అయిపోనాది' అని ఒక్కడే వెళ్లిపోయాడు."

ఆమె చేతిలోని ఫోన్ తెర మీద రెండు చుక్కలు, మొదటిది పోలయ్యది, రెండోది గురువులుది. రెండోది మొదటిదాన్ని చేరిన చోట మూడువేల గుండె బొమ్మలు. అన్నదమ్ములు కలిశారని రాష్ట్రమంతా పెట్టిన గుండెలు. అక్కడినుంచి రెండో చుక్క ఒక గీత గీసింది. గుండ్రంగా, ఇంకొంచెం పెద్ద గుండ్రంగా, మళ్లీ ఇంకా పెద్దగా.

పోలయ్యకి అక్షరాలు రావు గానీ ఆ గీత చదవడం వచ్చు. పడవ మునిగితే జాలరి చివరికి చేసే పని, చేతికందింది తేలుకి కట్టి వదలడం. తేలు దొరికితే మనిషి దగ్గర్లోనే ఉన్నట్టు. దాని చుట్టూ వలయం పెంచుకుంటూ వెతుకుతారు. వేలితో లెక్కపెట్టాడు. తొమ్మిది వలయాలు. పదోది సగంలో ఆగిపోయింది.

"ఆడేటైనా రాసినాడా?"

"తన పెట్టెలోంచి మీ పెట్టెకే పంపాడు. నకలు నాకొచ్చింది. మీ పెట్టెలో ఎవరూ తెరవలేదు."

"సదువమ్మా."

"'అన్నా, గురువుల్ని. వొస్తన్నాను.'" హైమావతి వేలితో తెరని కిందికి జరిపింది. "'అన్నా, తేలు దొరికింది. నువ్వగుపించవు. కేకెయ్యి.'" కింద ఇంకొకటి ఉంది. "'ఒక్క కేకెయ్యన్నా.'"

మూడోరోజు బోర్లాపడిన పడవ దొరికింది. గురువులు దొరకలేదు.

మరదలు, గురువులు భార్య దేవుడమ్మ ఇంటిముందు జనం మధ్య కూర్చుని ఉంది. పోలయ్య వెళ్లి ఎదురుగా నేలమీద కూలబడ్డాడు.

"నువ్వెక్కడున్నావు బావా?" అంది ఆమె.

బతుకంతా ఎవరికీ చెప్పని సంగతి. పోలయ్య ఊరందరి ముందూ చెప్పేశాడు. ఏ కొండకొమ్ము ఏ తాటితోపు మీదికి రావాలో, ఎన్ని బారల లోతో, ఏ నెలలో ఏ చేపో, ఒక్కటీ మిగల్చకుండా. ఎవరూ రాసుకోలేదు. ఎవరూ తలెత్తలేదు.

"నీ పార నాకెందుకు బావా" అంది దేవుడమ్మ. "ఆయన అరిసుంటాడు గదా. నీకినపడిందా?"

"ఎనిమిది మైళ్లమ్మా" అన్నాడు పోలయ్య.