రాణిగారి కుబుసం

జూలై పదమూడు. ఆ మధ్యాహ్నం అతను తిన్నది రెండు రొట్టెముక్కలు, ఒక ఉడికిన గుడ్డు, సగం దోసకాయ. మిగతా సగం నోటిదాకా వెళ్ళేలోపే పైకప్పునుంచి ఒక నీటిచుక్క వచ్చి జిగురుగిన్నెలో పడింది. రెండోది, అప్పుడే కొత్త అట్ట వేసిన నిఘంటువు మీద పడింది.

అతను పాత పుస్తకాలు బాగుచేసి బైండింగ్ చేస్తాడు. ఆ పనిలో ఉన్నవాడికి నీళ్ళంటే గడ్డివాములో నిప్పురవ్వంత భయం. దోసకాయ చేతిలో ఉండగానే రెండేసి మెట్లు ఎక్కి, పైవాటా తలుపు దబదబా బాదాడు.

తలుపు తీసిన అమ్మాయి చేతిలో నీళ్ళు చల్లే సీసా. ముంగురుల మీద సన్నటి తుంపర. ఆమె వెనక గదిలోంచి, వాన వెలిసిన తోటలోంచి వచ్చినట్టు చల్లటి మట్టివాసన.

"ఏమండీ, మీ ఇంట్లో ఏం పెంచుతున్నారు? వర్షాన్నా?"

"పాముని," అంది ఆమె.

"జోకులు తర్వాత. కింద నా పుస్తకాలు..."

"సారీ అండీ. నీళ్ళ తొట్టి మారుస్తుంటే చెయ్యి జారింది. తుడిచేశాను. జోకు మాత్రం కాదు. చూస్తారా?"

వద్దందామనుకున్నాడు. పౌరుషం అడ్డొచ్చింది.

గోడవారన మంచమంత పొడుగున్న గాజుపెట్టె. లోపల తడినాచు, కొబ్బరిపొట్టు, వెడల్పాటి నీళ్ళ తొట్టి. నాచులో చుట్టచుట్టుకుని ఇటుకరంగు పాము, వీపునిండా నల్లటి వలయాలు. ఇంతేనా అనుకున్నాడు. ఆమె కిటికీ తెర పక్కకు జరిపింది. వెలుతురు పడగానే ఆ ఒంటిమీద నీలం, ఆకుపచ్చ, ఊదా ఒకదాన్నొకటి తరుముకుంటూ పారాయి. వానపడ్డ రోడ్డుమీద ఒలికిన నూనెకు ప్రాణమొస్తే అలాగే ఉంటుంది.

"రెయిన్‌బో బోవా. విషం లేదు, పొగరుంది. పేరు రాణిగారు. వేడెక్కితే పడదు, గాలి పొడిబారినా పడదు. తేమ ఉండాలి గానీ చిత్తడి పనికిరాదు. గాలి ఆడాలి గానీ ఈదురుగాలి తగలకూడదు."

"మరీ కొత్త అల్లుడిలా ఉందే వరస!"

"బాగా చెప్పావ్ అబ్బాయ్!" అని లోపలిగదిలోంచి ఒక గొంతు నవ్వింది. ఆమె తండ్రి. బస్సు నడిపి రిటైరైన మనిషి. "ఐస్‌క్రీం అనుకుని మా ఫ్రిజ్‌లో డబ్బాలు తెరిచేవు సుమా. అన్నీ ఎలుకలే."

అతను గట్టిగా నవ్వేశాడు. దెబ్బలాడటానికి వచ్చిన సంగతి మెట్లు దిగాక గుర్తొచ్చింది.

ఆమె కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. ఆ తర్వాతి నెలలో అతను పుస్తకాన్ని ముక్కుకు ఆనించి కుట్టడం చూసి, "బైండర్‌గారూ, మీరు అక్షరాలు చదువుతున్నారా, వాసన చూస్తున్నారా?" అని షాపుకు లాక్కెళ్ళింది. అద్దాలు పెట్టుకోగానే అతనికి మొదట స్పష్టంగా కనబడింది ఆమె ఎడమ చెంపమీది చిన్న మచ్చ. ఆ సంగతి చెప్పలేదు. "అంతా బాగా కనిపిస్తోందా?" అంటే, "బాగుందండీ" అన్నాడు.

సాయంత్రాలు పైకి వెళ్ళడానికి అతనికి సాకులు పుట్టుకొచ్చాయి. ఒకరోజు ఆమె లేనప్పుడు తండ్రి అన్నాడు, "మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో గోడ గడియారమే మాట్లాడేది బాబూ. అప్పుడు అమ్మలు దీన్ని తెచ్చింది. నాకు ఒళ్ళు మండింది. కానీ చూడు, అది చప్పుడు చెయ్యదు, దానికోసం మేమిద్దరం రోజూ మాట్లాడుకోవాలి. తిందా, తాగిందా, తేమ చూశావా అని. అలా మళ్ళీ మాటలొచ్చాయి మాకు."

సెప్టెంబరులో ఆమె అక్కకు కాన్పు దగ్గరపడింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ బయల్దేరారు. తాళంచెవి అతని చేతిలో పెడుతూ ఆమె పాఠం చెప్పింది.

"పొద్దున, సాయంత్రం నీళ్ళు చల్లండి. పెట్టెలో తేమ మీటరు చూడండి. కళ్ళకు పాలపొర కమ్మితే కంగారుపడకండి, కుబుసం విడవబోతోందని అర్థం. అప్పుడే తేమ బాగా కావాలి. సవ్యంగా ఉంటే మేజోడు విప్పినట్టు ఒక్క ముక్కలో వస్తుంది."

"నన్ను నమ్మి వదిలేస్తున్నారా?"

"నాన్న తర్వాత దీన్ని ఇంకెవరికీ అప్పజెప్పలేదు," అంది, మెట్లు దిగుతూ.

ఆ మాటతో అతను కింద మూడు పుస్తకాలకు అట్టలు తలకిందులుగా అతికించాడు.

పాముని బాగానే చూసుకున్నాడు. తప్పు ఇంకోచోట జరిగింది. ఆ గదిలో ఒక అరమీద తండ్రిగారి రోడ్డు మ్యాపుల పుస్తకం ఉంది, ఉద్యోగమంతా ఆయన వెంట తిరిగినది. తేమకు దాని కాగితాలు ఉబ్బి, అంచులకు బూజు పడుతోంది. వృత్తి ఊరుకోనిస్తుందా? కింద షాపులో తేమ లాగేసే మిషను ఉంది. దాన్ని మోసుకొచ్చి అర పక్కన పెట్టి నడిపించాడు. పాము పెట్టెలో ఉంది, పుస్తకం గదిలో ఉంది, దేని గాలి దానిదే అనుకున్నాడు. నీళ్ళు చల్లగానే మీటరు చూసేవాడు, ముల్లు నిండుగా ఉండేది. తను వెళ్ళిపోయాక, పెట్టెమీది జాలీమూతలోంచి ఆ మిషను తేమంతా తాగేస్తోందని తట్టలేదు.

రాణిగారి కళ్ళకు పాలపొర వచ్చింది, పోయింది. ఒక ఉదయం చూస్తే నాచులో చిరిగిన తుక్కు. మేజోడు లేదు. ఒంటిమీద అక్కడక్కడ తెల్లటి పొర అతుక్కుపోయి ఉంది. రెండు కళ్ళమీదా పాత పొరలు అలాగే ఉన్నాయి. ఒక ముక్క వేళ్ళతో నలిపి చూశాడు. మడత దగ్గర పుటుక్కున విరిగింది. ఎండిపోయిన కాగితం అలాగే విరుగుతుందని అతనికంటే ఎవరికి తెలుసు? తల తిప్పి మిషను వంక చూశాడు.

జేబులో పట్టకారు ఉంది. నెమ్మదిగా లాగేస్తే ఆమెకు తెలియను కూడా తెలియదు. చెయ్యి జేబుదాకా వెళ్ళి ఆగింది. ఫోన్ తీశాడు.

అంతా విని ఆమె అడిగిన మొదటి మాట, "లాగావా?"

"లేదండీ."

"నిజం చెప్పు. కళ్ళమీద చెయ్యి పెట్టావా నువ్వు?"

"పెట్టలేదు. పాత అట్టమీద లేబుల్ ఎండి అతుక్కుంటే మేం లాగం. తడిగుడ్డ కప్పి, అదే వదిలేదాకా కూర్చుంటాం. ఇదీ అంతేనేమో అనిపించింది."

ఆమె గొంతు కొంచెం దిగింది. "ముందు ఆ మిషను ఆపు. పెద్ద డబ్బా తీసుకో, మూతకు చిల్లులు పెట్టు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన తువ్వాళ్ళు పరిచి, దాన్ని వాటి మధ్య వదులు."

"నేనా? ఎత్తాలా?"

"భయంగా ఉందా?"

"ఉంది."

"దానికీ ఉంటుంది. తల జోలికి పోకు. నడుం కింద రెండు చేతులూ పెట్టి, బరువంతా నువ్వే మొయ్యి."

ఎత్తాడు. చల్లగా, మెత్తగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. అది అతని మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుని, పడిపోనని నమ్మకం కుదిరాక నిదానించింది. ఫోన్ పెట్టేశాక గానీ తెలియలేదు, ఆమె తనను మొదటిసారి 'నువ్వు' అందని. కోపంలో వచ్చిన నువ్వే. అయినా తిరిగిచ్చెయ్యాలని అనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే తండ్రీ కూతుళ్ళు దిగారు. అక్కకు పాప పుట్టిందట, ఇద్దరూ క్షేమం. ఆమె సంచి గుమ్మంలోనే వదిలేసి పాము దగ్గర కూర్చుంది. తువ్వాళ్ళమధ్య పాకి పాకి అది ఒంటిమీది పొరలన్నీ వదిలించుకుంది. ఒక కన్ను తేటపడింది. రెండోది ఇంకా మసకే.

"డాక్టరుగారికి ఫోన్ చేశాను. లాగితే కన్నే పోవచ్చట. తడి ఇస్తూ ఆగమన్నారు," అంది. అతని వంక చూడలేదు.

"నన్ను నాలుగు తిట్టండి."

"తిడదామనే బస్సులో దారంతా మాటలు కూర్చుకున్నాను. ఇల్లు చేరేసరికి నాన్న పాడుచేశారు."

తండ్రి మ్యాపుల పుస్తకం తిరగేస్తూ అన్నాడు, "నేనేమన్నానూ? అబ్బాయి దాచేస్తే మనకు తెలిసేదా అన్నాను. దాచలేదు. ఇన్నేళ్ళు బస్సు నడిపాను, గీతపడితే వచ్చి చెప్పేవాడు ఎంత అరుదో నాకు తెలుసు."

ఆ తర్వాత రోజూ షాపులు మూశాక ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తువ్వాళ్ళు ముంచి పిండేవారు. మొదట్లో మాటలు తక్కువ. తర్వాత, "అది తువ్వాలా, చొక్కానా? ఆరేసేలా పిండావు!" అని ఆమె, "పొడిగా పిండటం మా కులవిద్యండీ," అని అతను.

ఒక సాయంత్రం బయట వాన. ఆమె షాపునుంచి తెచ్చిన భూతద్దం పెట్టి చూసి, ఊపిరి బిగబట్టింది. తువ్వాలు మడతలో ఆవగింజ పొట్టులాంటి చిన్న పొర. రాణిగారి రెండో కన్ను కడిగిన నల్లపూసలా మెరుస్తోంది.

"వచ్చేసింది," అంది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "దానంతటదే!"

అతను అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంకెప్పుడూ నాకు తాళంచెవి ఇవ్వరేమో."

"ఇది ఇంకో పదిహేనేళ్ళు బతుకుతుంది. అన్నేళ్ళూ రోజూ తేమ చూడాలి. ఓపికుందా?"

"మీరు అడుగుతున్నది పాముని చూసుకోమనా, మిమ్మల్నా?"

ఆమె తువ్వాలు అవసరానికి మించి పిండింది. "ఆ రెండూ విడిగా దొరకవు."

"విడదీసే పని నాకు రాదు. నేను కలిపి కుట్టేవాణ్ణి. ఇష్టమని చెప్పడానికి మాత్రం జూలైనుంచీ దారం దొరకట్లేదు."

"జూలైనుంచా? నాకు ఆగస్టులో తెలిసింది. నీకు అద్దాలు పెట్టిన రోజు. బోర్డుమీది అక్షరాలు చదవమంటే నన్ను చదివావు."

అప్పుడే వంటింట్లోంచి తండ్రి, వేడినీళ్ళలో కరిగించిన ఎలుకను పళ్ళెంలో పెట్టి, పట్టకారుతో సహా పట్టుకొచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. చూసినట్టు కనపడకుండా పళ్ళెం కూతురికిచ్చాడు.

"నాదొకటే షరతు," అన్నాడు. "మీ కాపురంలో ఎలుకలకు వేరే ఫ్రిజ్ ఉండాలి."

"నాన్నా!"

"ఏం, తప్పా? ఐస్‌క్రీం తిని ఎన్నేళ్ళయిందో తెలుసా?"

చాలా రోజులుగా ఏమీ తినని రాణిగారు నాలుక ఆడించి, మెడ వెనక్కి తీసి, టక్కున అందుకుంది. ముగ్గురూ గాజుకు ముఖాలానించి, పసిపిల్ల అన్నం తింటుంటే చూసినట్టు చూశారు. గొంతులోంచి ఆ ఉబ్బు మెల్లగా కిందికి జరిగింది. మీటరు ముల్లు నిండుగా ఉంది. బయట వాన పడుతూనే ఉంది.

అతని చెయ్యి అలవాటుగా మూతమీదికి వెళ్ళబోతే ఆమె పట్టుకుని ఆపింది. పట్టుకున్నాక వదలలేదు.

"రెండ్రోజులు దాన్ని ముట్టుకోకూడదు, కక్కేస్తుంది," అని గుసగుసగా చెప్పింది.

"తెలిసిందిగా, ఇక కదలండి," అన్నాడు తండ్రి అంతకంటే మెల్లగా. "కడుపునిండిన ప్రాణిని పడుకోనివ్వాలి. మాటలు అవతల గదిలో చెప్పుకోండి. నేను వినన్లే."

ఇద్దర్నీ ముందు నడిపించి, ఆయన దీపం ఆర్పాడు. గడప దగ్గర ఒక్క క్షణం నిలబడి లోపలికి చూశాడు. తర్వాత గడియ చప్పుడు కాకుండా, ఆ రాత్రికి తలుపు దగ్గరగా వేశాడు.