గాలి నింపిన కవరు

ఏలూరు పవర్‌పేటలో డిటెక్టివ్ ఆఫీసు నడిపే వెంకటనరసమ్మ గారు ముప్పై ఏళ్ళలో ఒక్క మనిషిని కూడా పొరపాటున అనుమానించలేదు. గుమ్మం అవతల దగ్గు వింటే చాలు, దగ్గినవాడు దొంగో దొరో చెప్పేస్తారు. ఆవిడ అసిస్టెంటు హర్షిణి అందరికీ ఇదే చెబుతుంది, ప్రమాణం చేసి మరీ.

అంతటావిడ కూడా సెలవు పెట్టి, హర్షిణిని వెంటబెట్టుకుని, కలిదిండి చేపల, రొయ్యల చెరువుల రైతులతో వియత్నాం వెళ్ళారు. హో చి మిన్ సిటీలో మోటారు సైకిళ్ళు వరదలా పారే రోడ్డు పక్క సందులో బస. ఆరు గదుల బుల్లి హోటలు. చెప్పులు వాకిట్లోనే విడవాలి. చెక్కమెట్లు అద్దంలా మెరుస్తాయి. వాటిని తుడిచేది లాన్ అనే పనమ్మాయి.

రెండో రోజు ఉదయం ఏడున్నరకి ఆ రైతుల బృందంలోని కొండబాబు ఆవిడ తలుపు కొట్టాడు. ముఖంలో నెత్తురు లేదు.

“అమ్మగారండీ, నా పాస్‌పోర్టు పోయిందండీ! తొమ్మిదింటికి ఇక్కడ రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలో ఉద్యోగం ఇంటర్వ్యూ. అది లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారండీ.”

“ఎక్కడ పెట్టావు?”

“తలగడ కిందండీ. టీకని కిందికెళ్ళి వచ్చేసరికి లేదు. ఏం పొద్దోనండీ ఇది, రాత్రి బాగున్న ఫ్లష్ కూడా ఇప్పుడు రావట్లేదు.”

“ఆ మధ్యలో ఎవరొచ్చారు?”

“లాన్ తువ్వాళ్ళు పెట్టెళ్ళింది. మనతో వచ్చిన పక్కగది ఎడ్విన్ చార్జరు కోసం వచ్చాడంట. మా అన్నయ్య పడుకునే ఉన్నాడు. ఆయన్ని లెక్కలోకి తీసుకోకండి, నాన్న పోయాక నన్ను సాకింది ఆయనే.”

అన్నయ్య తాతాజీ పాతికేళ్ళుగా చేపపిల్లల పాకెట్లు కడుతున్నవాడు. సబ్బూ దువ్వెనా కూడా ఆ ప్లాస్టిక్ కవర్లలోనే, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు బిగించి తెచ్చుకున్నాడు. వాళ్ళ గదిలో మంచం మీద అవి బూరెల్లా ఉబ్బి ఉంటే హర్షిణికి నవ్వొచ్చింది.

లాన్ ఎవరూ అడక్కుండానే తన సంచి బల్ల మీద బోర్లించింది. ఏడుస్తూనే ఒక్కో వస్తువూ విప్పి చూపించింది.

ఎడ్విన్ కూడా అదే ఉద్యోగానికి వచ్చాడని తెలియగానే వెంకటనరసమ్మ గారు వేలు చూపించారు. “దొంగ ఇతనే. పెట్టె వెతికేదాకా గుమ్మం దాటడానికి వీల్లేదు.”

అతని పెట్టె అడుగు వరకూ వెతికితే మాగాయ పచ్చడి సీసా దొరికింది.

“అరెస్టు చేయించండి మేడమ్ గారూ, ఇది మా అత్తగారింట్లో కొట్టేసిందే!” అన్నాడు ఎడ్విన్. ఆ తర్వాత గడియారం చూసి నవ్వు ఆపేశాడు. తొమ్మిదిన్నర.

ముప్పై ఏళ్ళలో పొరపడలేదన్నాను కదూ? ఇదిగో, పొరపడ్డారు. ఇది ఎన్నోసారో హర్షిణిని అడక్కండి, లెక్కపెట్టడం మానేసి చాలా ఏళ్ళయింది.

వెంకటనరసమ్మ గారు చటుక్కున లేచి అన్నదమ్ముల బాత్రూంలోకి వెళ్ళారు. తిరిగొచ్చి అందరినీ కింద బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. తడి కవరొకటి మధ్యలో పెట్టారు. లోపల పాస్‌పోర్టు.

“ఫ్లష్ ట్యాంకులో దొరికింది. రాత్రి పనిచేసింది పొద్దున ఎందుకు ఆగింది? గాలితో ఉబ్బిన ఈ కవరు లోపల తేలే బంతి కింద ఇరుక్కుని దాన్ని పైకెత్తేసింది. బంతి లేస్తే ట్యాంకులోకి వచ్చే నీళ్ళు ఆగిపోతాయి. దాచేవాడెవడైనా గాలి పిండేసి కడతాడు. గాలి నింపి, మూతి మెలిపెట్టి కట్టేది చేపపిల్లల్ని బతికించడం అలవాటైన చెయ్యి. ఆ చేతికి పాస్‌పోర్టూ ఒకటే, చేపపిల్లా ఒకటే. ఏం తాతాజీ?”

తాతాజీ తల ఎత్తలేదు. “వాడిక్కడ ఉండిపోతే నా రొయ్యల చెరువు ఎవరు చూస్తారండీ? నీటి రంగు చూసి రొయ్య రోగం చెప్పేది వాడొక్కడే.”

“వెళ్ళకురా అని ఒక్కమాట అంటే ఆగిపోయేవాణ్ణి కదా అన్నయ్యా,” అన్నాడు కొండబాబు. “ఆ పిల్ల ఏడుస్తుంటే కూడా నోరు విప్పలేదు నువ్వు.”

హేచరీకి ఫోన్ చేశారు. వేళకి రానివాళ్ళ పేర్లు కొట్టేశామన్నారు. కొండబాబు పేరు, ఎడ్విన్ పేరు. వెంకటనరసమ్మ గారు ఎడ్విన్ వైపు చూడలేకపోయారు. లాన్ బల్ల మీది తడి తుడిచింది. వీళ్ళెవరి ముఖమూ చూడలేదు.

తిరుగు విమానంలో అన్నదమ్ములవి పక్కపక్క సీట్లు. దారిలో తాతాజీకి పొలమారింది, ఆగని దగ్గు. కొండబాబు మాట్లాడకుండా మూత తీసి నీళ్ళ సీసా చేతికిచ్చాడు.

ఈ కథలో నేను కల్పించింది ఆ నీళ్ళ సీసా ఒక్కటే. అన్న దగ్గుతూనే ఉన్నాడు. కొండబాబు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.